అడ్డగుడ్డల పంచాయతీ

నా పెళ్లికి మా నాన్న పెట్టిన సామాన్లలో మా అత్తకు నచ్చింది ఒక్క కుట్టుమిషనే. ప్రొద్దుటూరులో మాది గుడ్డల అంగడి. బంగారు అంగళ్ల పక్క సందులో పుట్టి పెరిగినదాన్ని, జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే బస్సు దిగి ఇంకా చాలా దూరం నడవాల్సిన ఊరికి కోడలుగా వచ్చాను. నా చేతి కుట్టు చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు రవికెల గుడ్డలు పట్టుకుని వరస కడతారని కలలు కన్నాను. అత్తగారింట్లో నేను మొట్టమొదట కుట్టింది మాత్రం ఒక పొట్టేలుకు, ఆ తర్వాత ఒక మేకపోతుకు.

ఆ రోజుల్లో ఆ ఊళ్లో మనుషులు రెండే రకాలు, మీదింటివాళ్లు, కిందింటివాళ్లు. మీదింటాయనది ఒక పార్టీ, కిందింటాయనది ఇంకో పార్టీ. రంగులు చెప్పను. మా జిల్లాలో రంగు చెబితే పేరు చెప్పినట్టే. ఒకరు టీ తాగే అంగట్లో ఇంకొకరు మంచినీళ్లు కూడా ముట్టరు. ఏ గడ్డివాములో ఏ బాంబు ఉందోనని జనం బీడీ ముట్టించేముందు కూడా అటూ ఇటూ చూసుకునేవాళ్లు. మా మామ మాత్రం ఏ పక్కా కాదు. ఎవరైనా అడిగితే "మాది గొర్ల పార్టీ అప్పా" అని తప్పించుకునేవాడు. మీదింటాయనకు ఎంత ఎత్తున దండం పెడితే కిందింటాయనకూ సరిగ్గా అంతే ఎత్తున పెట్టేవాడు. చెయ్యి ఒక వేలెడు తేడాగా లేచిందేమోనని ఆ రాత్రంతా దిగులుపడేవాడు.

మా దొడ్డిలో గొర్రెలూ మేకలూ కలిసే ఉండేవి. మగవి రెండే, ఒక పొట్టేలు, ఒక మేకపోతు. వాటి సంసారం సంగతి నాకు అత్త విడమరిచి చెప్పింది. చెప్తున్నంతసేపూ నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తొలకరికి పొట్టేలు గొర్రెను దాటితే చలికాలంలో ఈనుతుంది. అప్పటికి బీళ్లలో పచ్చిక ఉంటుంది, తల్లికి పాలుంటాయి. దసరా అయ్యాక దాటితే ఉగాదికి ఈనుతుంది. ఉగాదికి మా వైపు పచ్చగా కనబడేది వేపాకు ఒక్కటే. అంతకు ముందు ఏడాది అదే జరిగిందట. పుట్టిన పిల్లలు పాలు చాలక ఒకదాని వెనక ఒకటి పోతుంటే, మామ దొడ్డి వెనక గుంటలు తవ్వుతుంటే, అత్త ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుందట.

"ఈతూరి ఒక్క గుంట గూడా తవ్వనీను మ్మే" అంది. ఎప్పుడూ గదమాయించే మనిషి ఆ మాట మాత్రం నేల చూస్తూ అంది.

అందుకని మగవాటి నడుముకు, కడుపు కింద వేలాడేలా ఒక గుడ్డ కట్టేవాళ్లు. ఎక్కితే ఎక్కనీ, గుడ్డ అడ్డముంటుంది, పని జరగదు. దాన్నే అత్త అడ్డగుడ్డ అనేది. గోనెసంచితో కడితే పొట్టేలుకు ఒరుసుకుని పుండు పడింది. మేకపోతయితే తన అడ్డగుడ్డను తానే నమిలి మింగేసింది.

దసరా అయిన కొద్దిరోజులకు ఎలక్షన్లు వచ్చాయి. మీదింటి మనిషొకడు మమ్మల్ని అడక్కుండానే మా దొడ్డి కంచెకు బ్యానరు కట్టిపోయాడు. మామకు చెమటలు పట్టాయి. మర్నాడు కిందింటి మనిషొచ్చి రెండో పక్క తమ బ్యానరు కట్టాక గానీ ఆయనకు ముద్ద దిగలేదు. పోలింగు ముగిసిన రోజే గాలివాన వచ్చి రెండింటినీ తెంపి దొడ్డిలో పడేసింది. అత్త ఆ గుడ్డను వేళ్లతో నలిపి చూసింది.

"బలే గట్టిగుండాదే. దీన్ని మేక గూడా నమల్లేదు. కుట్టు మ్మే."

"పార్టీ గుడ్డలత్తా" అన్నాను.

"ఎలక్షన్లు అయిపాయ గదా. ఇంగ పార్టీ యాడిది?"

మామ ఒక్కటే షరతు పెట్టాడు. ఒక పార్టీదే వాడితే కొంపలంటుకుంటాయి, రెండూ వాడాలి. సరే, పొట్టేలుకు మీదింటి గుడ్డ, మేకపోతుకు కిందింటి గుడ్డ. రాత లోపలికి తిప్పి కుడతానన్నాను. రంగు ఒరుసుకుని పుండు పడుతుంది, రాత బయటికే ఉండనీ అంది అత్త. అంచులు మడిచి, నాడాలు పెట్టి, ప్రొద్దుటూరు పిల్ల అనిపించుకునేలా కుట్టాను. కత్తిరింపుల్లో పోగా పొట్టేలు కడుపు కింద "మీ సేవలో" అన్న మాట మిగిలింది. మేకపోతు కడుపు కింద "ఆదరించండి" అని మిగిలింది.

పొద్దున మంద నడివీధిలో నడిచింది. మామ వెనక్కి తిరిగి చూడకుండా ముందు పోతున్నాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు కూడబలుక్కుని చదివారు. చదువురానివాళ్లకు చదువొచ్చినవాళ్లు చెప్పారు. మధ్యాహ్నం ఎండకు మంద దొడ్డికి తిరిగొచ్చేసరికి, బ్యానర్లు కట్టిన ఆ మనుషులిద్దరూ, చెరొక గుంపును వెంటేసుకుని మా ఇంటి ముందుకొచ్చారు. ఓట్ల లెక్కింపు ఇంకా కాలేదు, ఊరు ఎండుగడ్డిలా ఉంది. నేను కుట్టిన కుట్టుకు ఎవరి తల పగులుతుందోనని మిషను మీద దుప్పటి కప్పేశాను.

"ఏందత్తా ఇది? మా పార్టీ గుడ్డను యాడ కట్టినారో సూసుకుంటిరా?" అన్నాడు మీదింటి మనిషి.

"సూసే కట్టినాం నాయనా. ఆడ కాకుండా ఇంగ్యాడ కట్టినా పని కాదు."

కిందింటి మనిషి నవ్వబోయి, తమ మేకపోతు గుర్తొచ్చి ఆగిపోయాడు. "మా రంగు పొద్దున్నించి మేకపోతు ఉచ్చలో నానతాండాది. మా పెద్దాయనకు తెలిస్తే ఏమైతాదో తెల్సునా?"

"ఉతికి కడతాంలే."

"ఉతకడం కాదు, ఇప్పండి" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ ఊళ్లో ఆ రెండు గుంపులూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారని మామ ఆ తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

అత్త నడుమున చేతులు పెట్టుకుంది. "ఇప్పితే దాటతాయి. దాటితే ఉగాదికి ఈనతాయి. ఎండాకాలం నా పిల్లలకు గడ్డి మీరు పెడతారా?"

"పెడతాంలే, ముందు ఇప్పు!" అన్నాడు మీదింటి మనిషి. వాడన్నాక కిందింటివాడు ఊరుకుంటాడా? "మేం గూడా పెడతాం!" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ముందు ఎవరిది విప్పాలి? ముందు విప్పినవాళ్లు తగ్గినట్టు. చివరికి ఒకేసారి విప్పాలని తీర్మానం చేశారు. మంద మధ్యన పొట్టేలు దగ్గర ఒకడు, మేకపోతు దగ్గర ఒకడు గొంతుక్కూర్చుని, ఒకరి చేతులనొకరు అనుమానంగా చూసుకుంటూ నాడాలు పట్టుకున్నారు. మామ ఒకటీ రెండూ మూడూ అన్నాడు.

దసరా ముందు నుంచి కట్టేసిన కోరికలవి. పొట్టేలు ఆగలేదు. మేకపోతు అసలే ఆగలేదు. దానికి గొర్రేదో మేకేదో కూడా పట్టలేదు, దొరికిన గొర్రెనల్లా ఎక్కింది. "పట్టుకోండ్రా!" అని అత్త కేక పెడితే, పగవాళ్లిద్దరూ కలిసి ఒకే మేకపోతును చెరొక కొమ్మూ పట్టుకుని లాగారు. అది ఇద్దరినీ పెంటదిబ్బ దాకా ఈడ్చుకుపోయింది. గుంపులు పగ మర్చిపోయి కడుపులు పట్టుకుని నవ్వాయి. నేను కిటికీ దగ్గర కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్త ఒక్కతే నవ్వలేదు. ఏ గొర్రెను ఏది దాటిందో చూసుకుని, దొడ్డి వెనక వైపు తలతిప్పి నిలబడిపోయింది.

ఓట్ల లెక్కింపు అయింది. ఎవరు గెలిచారో చెప్పను. ఊరికి ఎవరు గెలిచినా గొర్రెతోక బెత్తెడే. ఉగాదికి గొర్రెలు వరసగా ఈనాయి.

అత్త అప్పుడే పుట్టిన పిల్లలను గంపలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, మొదట మీదింటికి పోయింది. వసారాలో పెద్దాయన ముందు గంప దించింది. "అయ్యా, మీ వాళ్లు ఇప్పిచ్చిన పిల్లలు. గడ్డి పెడతామని నోరారా చెప్పిరి." ఆయన మీసాల చాటున నవ్వి, చీనీతోటలో గడ్డి కోసుకొమ్మన్నాడు, పైగా బండెడు జొన్నచొప్ప పంపాడు. ఆ బండి కిందింటి ముందు నుంచే వచ్చింది. సాయంత్రానికి కిందింటి నుంచి రెండు బండ్ల శెనక్కాయ కట్టె, కాయలు దూసిన ఎండుతీగ, దిగింది. దానికి మీదింటివాళ్లు అరటాకులు కలిపారు. ఊళ్లో ఒకరికొకరు గడ్డి పెట్టుకోవాల్సిన రెండిళ్లూ పోటీపడి మా గొర్రెలకు పెట్టాయి.

పోటీ చల్లారకుండా చూసింది ఒక పిల్ల. గొర్రెకు పుట్టింది గానీ తోక మేకలా పైకి నిలబడింది. మేకపోతు ఎక్కిన గొర్రె పిల్లే అది. మేకపోతు పిల్లంటే మాదే అని కిందింటివాళ్లు, తల్లి గొర్రె కాబట్టి మాదని మీదింటివాళ్లు. బాంబులు దాచుకునే మనుషులు రోజూ వచ్చి దాని తోక చూసిపోయేవాళ్లు. అడిగితే అత్త "పెద్దగైతే తెలుస్తాదిలే అప్పా" అనేది. వాళ్లు ఇంకో మోపు పడేసి పోయేవాళ్లు.

తొలకరి పడి బీళ్లు పచ్చబడ్డ రోజు నేనే అడిగాను. "అత్తా, నిజం చెప్పు. ఇది గొర్రెనా, మేకనా?"

"మేకపోతు ఎక్కితే గొర్రెకు కడుపు నిలుస్తాదా, పిచ్చిదానా? ఒట్టి గొర్రెపిల్ల. అడ్డం తిరిగి పుడతాంటే నేనే తోక పట్టి లాగినా. అట్లే నిలబడిపాయ."

"మరి వాళ్లకు చెప్పలేదే?"

"చెప్తే గడ్డి పెడతారా?"

దొడ్డి వెనక నేల చదునుగా ఉంది. అక్కడ కొత్తగడ్డి మొలిచింది. అత్త దాన్నే చూస్తూ "ఒక్క గుంట గూడా తవ్వలే మ్మే" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. మా పక్కన ఆ పిల్ల తోక పైకెత్తి, మీదింటి చొప్ప ఒక నోరు, కిందింటి కట్టె ఒక నోరు నములుతోంది.