వకీలు సాబు కారుకు చవక బీమా

ఇరవై యేళ్ళ వయసులో నాకు బీమా అంటే ఏమిటో సరిగ్గా తెలియదు గాని, ధీమా మాత్రం దండిగా ఉండేది. ఇప్పుడు సరిగ్గా తిరగబడింది. బీమా కాగితాలు పెట్టె నిండా ఉన్నాయి, ధీమా కోసం వెతుక్కోవలసి వస్తోంది. నేను చెప్పబోయేది పోలీసు యాక్షన్ అయిన మూడు నాలుగేళ్ళనాటి సంగతి. అప్పట్లో నేను అబిడ్స్‌లో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. గుమాస్తా అంటే పెద్ద మాట. ఆయన చెప్పింది రాయడం, రాసింది మోయడం, మోసింది ఎక్కడ పెట్టానో మరిచిపోయి తిట్లు తినడం నా ఉద్యోగం. ఆఫీసు మేడమీద, కారు కింద, ఆ కారుకు ఆనుకొని ఎప్పుడూ మా డ్రైవరు. గేరు మార్చితే వెనక సీట్లో కూర్చున్నవాడి నిద్ర చెదరదని పేరు కాబట్టి అతణ్ణి అందరూ గేరన్న అనేవారు. మధ్యాహ్నం పూట ఆ కారు ఫుట్‌బోర్డు మీద కూర్చుని తన జొన్నరొట్టెలో సగం విరిచి నాకు పెట్టే మనిషి. (నా జీతంతో నాకు దొరికే భోజనం గురించి చెప్పకపోవడమే మర్యాద.)

మా వకీలు సాబు పొదుపరి. పిసినారి అనడానికి ఇప్పటికీ నోరు రాదు, ఆయన ఉప్పు తిన్నాను. అది కూడా కొలిచే వేశారనుకోండి. వచ్చిన ఉత్తరాల కవర్లు జాగ్రత్తగా విప్పి, లోపలి వైపున కేసుల చిత్తు రాయించేవారు. ఒకరోజు అలాంటి కవరొకటి విప్పితే అందులోంచి కారు బీమా గడువు తీరుతోందనీ, కొత్త ఏడాదికి ఎనభై నాలుగు రూపాయలు కట్టమనీ కంపెనీ వాళ్ళ చీటీ బయటపడింది. సాబు దాన్ని మూడుసార్లు చదివారు.

"ఎనభై నాలుగా? ఏడాదంతా బండికి గీత గూడ పడలే. పడని గీతకు పైసలేంది రా? పో, అబిడ్స్ నాంపల్లి అంతా తిరుగు. ఎవడు తక్కువ చెప్తడో అడుగు."

నన్ను ఇంతకంటే ఆనందపెట్టే ఆజ్ఞ ఇంకొకటి లేదు. మా అమ్మ బేరమాడితే వంకాయలమ్మే అవ్వ బుట్ట నెత్తికెత్తుకొని నాలుగిళ్ళు దాటాక కూడా వెనక్కి వచ్చేది. ఆ విద్య నాకు పాలతో వచ్చింది. చెప్పిన ధరలో సగానికి అడగాలి, మొహం తిప్పుకోవాలి, పది అడుగులు నడవాలి, వెనక నుంచి పిలుపు వినాలి. అంతే. అందుచేత అబిడ్స్‌లో మొదటి బీమా ఆఫీసులో, ఫ్యాను కింద టై కట్టుకొని కూర్చున్న పెద్దమనిషి "డెబ్భై తొమ్మిది" అనగానే నేను "నలభై" అని, మొహం తిప్పుకొని, మెల్లగా పది అడుగులు నడిచాను. పిలుపు రాలేదు. పదకొండో అడుగుకు తలుపొచ్చింది. ఇంకా మెల్లగా తలుపు దాటాను. అప్పటికీ రాలేదు. రెండో ఆఫీసాయన "తొంభై రెండు" అంటే ఘోరమనుకొని వచ్చేశాను. సాయంత్రం కూర్చుని లెక్కవేస్తే ఆయన చెప్పింది నిజాం హాలీ సిక్కా రూపాయల్లోననీ, మొదటాయన చెప్పింది ఇండియా సర్కారు కల్దారు రూపాయల్లోననీ, ఏడు హాలీలకు ఆరు కల్దార్ల చొప్పున మారిస్తే ఇద్దరూ చెప్పింది ఇంచుమించు ఒకటేననీ తేలింది. ఒక ఊళ్ళో రెండు నాణేలు చెలామణీ అయిన ఆ కాలంలో మనిషి సగం బతుకు ఏడుతో హెచ్చవేసి ఆరుతో భాగించడానికే సరిపోయేది.

మూడోరోజు నాంపల్లి స్టేషను ఎదుట, ఇరానీ హోటలు మీద మేడలో, నాకు తగ్గ మనిషి దొరికాడు. తెల్లటి షేర్వానీ, బల్ల మీద వెండి పాన్‌డబ్బా, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆయన ఎనభై కల్దార్లతో మొదలుపెట్టాడు. నేను సగానికి అడిగి, మొహం తిప్పుకొని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఆరో అడుగు దగ్గర పిలుపొచ్చింది! నా కళ్ళు చెమర్చాయి.

"అరె మియా, గుస్సా కావద్దు. కూసో. పాన్ తిను. ఎందుకు తగ్గదు? తగ్గుతది. జర చెప్పు, బండి షహర్ దాటి బయటికి పోతదా?"

"పోదు సాబ్."

పాన్‌డబ్బా సాబు ఎర్ర పెన్సిలుతో ఫారం మీద ఒక గీత గీశాడు. "చలో, ఆరు తక్కువ. రాత్రిపూట సడక్ మీద నిలబెడతరా, షెడ్డుల పెడతరా?"

"షెడ్డుల. తాళమేసి."

ఇంకో గీత. నాలుగు తక్కువ. నాకు ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది. ఒక్కో గీతకూ ఒక్కో పాన్.

"ఇగ ఆఖరీ సవాల్. జీతం డ్రైవర్ నడుపుతడా, మాలిక్ నడుపుతడా? మాలిక్ ఒక్కడే నడిపితే పదకొండు తక్కువ."

ఇక్కడ నా నోట్లో పాన్ ఆగింది. మా సాబు జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. అయితే నిజాం హయాంలో ఎవరో పెద్ద ఉద్యోగి, కేసు గెలిపించిన సంతోషంలో, మర్యాదకు ఆయనకో లైసెన్సు ఇప్పించాడు. ఏటేటా దాన్ని తిరగరాయించడం నా పనే. పదకొండు రూపాయలు! "మా సాబుకు లైసెన్సుంది సాబ్" అన్నాను. నేను అబద్ధమాడలేదు. అడిగినదాని పక్కనున్నదానికి జవాబు చెప్పాను. ఎర్ర పెన్సిలు నిండుగా ఒక గీత గీసింది. యాభై తొమ్మిది రూపాయలు!

మూడు పాన్లతో ఎర్రబడ్డ నోరూ, గీతలు గీసిన ఫారమూ పట్టుకొని ఆఫీసుకు వచ్చి, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా నిలబడ్డాను. ఆ ఫారం మీద గుడ్డిగా సంతకం పెట్టి, పైసలు కట్టించిన సాబు, పాలసీ చేతికి వచ్చాక మాత్రం దాన్ని వకీలు చదివినట్టు చదివారు. అదే నా ప్రాణానికొచ్చింది. అద్దాలు సర్దుకున్నారు, వేలు పెట్టి ఒక్కో షరతూ దాటుకుంటూ వచ్చారు, ఒక చోట వేలు ఆగింది. తిట్టబోతున్నారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నవ్వారు.

"శాబాష్! జీతగాడు నడిపితే బీమా లేదు. అంటే వాడు నడపొద్దు. నడపనోనికి నెలకు నలభై అయిదు రూపాయలు ఎందుకియ్యాలె? బండి నేనే నడుపుత. స్టీరింగు పయ్యా తిప్పుడే గదా, అదేమన్న నేర్వరాని ఇల్మా? ఈ నెలాఖరు దాక నాకు నేర్పుమను. అటెన్క వాని దారి వాడు చూసుకుంటడు."

ఇరవై అయిదు రూపాయలు మిగిల్చి ఇంటికి దీపం పెట్టాననుకున్నవాణ్ణి, గేరన్న ఇంట్లో పొయ్యి ఆర్పానని అప్పుడు తెలిసింది. మల్లేపల్లిలో కిరాయి ఇల్లు, ముగ్గురు పిల్లలు, పద్దెనిమిదేళ్ళ నౌకరీ. మెట్లు దిగి వెళ్ళి అతనికి నేనే చెప్పాను. ఇంకెవరైనా చెబితే ఇంకా ఘోరంగా ఉంటుందని. బానెట్టు తుడుస్తున్నవాడు గుడ్డ ఆపాడు.

"గట్లనా. ఎంత తగ్గింది తమ్మీ, నా పేరు కొట్టేస్తె?"

"పదకొండు, అన్నా."

"పదకొండేనా?" అని మళ్ళీ బానెట్టు తుడవసాగాడు. "జర ఎక్కువ అడగకపోయినవ్. పద్దెనిమిదేండ్లాయె. ఇజ్జత్ పాయె."

మర్నాటి నుంచి పొద్దున్నే, ఏటేటా ఎగ్జిబిషను పెట్టే నుమాయిష్ మైదానంలో పాఠాలు మొదలయ్యాయి. నుమాయిష్ లేని నెలల్లో అక్కడ గాలీ మట్టీ తప్ప ఏమీ ఉండవు కనుక సాబుకు అంతకంటే క్షేమమైన చోటు లేదు. (గాలికీ మట్టికీ అంత క్షేమం కాదనుకోండి.) సాబు గేరు మారిస్తే ఆ శబ్దానికి గాంధీభవన్ వైపు కాకులన్నీ లేచేవి. చేత్తో సంజ్ఞ చేయమంటే కిటికీలోంచి చెయ్యి చాపి, జడ్జిగారి ముందు వాదిస్తున్నట్టు వేలు ఆడించేవారు. కుడికి తిరుగుతారో, ఎడమకో, అప్పీలుకే పోతారో ఎవరికీ తెలిసేది కాదు. ఇంట్లో అమ్మగారు ఒకే మాట అన్నారు: "మీరు నడుపుండ్రి. నేను రిక్షాల వస్త." గేరన్న మాత్రం ఓపిగ్గా, నిజాయితీగా, తన నౌకరీ తీసేసే విద్యను అక్షరాభ్యాసం నుంచి నేర్పుతున్నాడు. నేను చాటుగా పిలిచి, "అన్నా, జర తప్పు నేర్పరాదే" అన్నాను. అతను నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"తప్పు నేర్పితె సచ్చేది సడక్ మీద పోయెటోడు, తమ్మీ. నౌకరి ఇంకోటి దొరుకుతది."

ఇక నా వల్ల కాలేదు. నాంపల్లి పరుగెత్తి, "సాబ్, ఆ పదకొండు రూపాయలు మళ్ళా కలపండి" అన్నాను. పాన్‌డబ్బా సాబు నా నుదురు ముట్టుకొని చూశాడు. "బుఖార్ లేదు. ఇరవై సాల్ల నౌకరీల పెంచుమన్నోడు ఒక్కడు రాలే మియా. కాని మాలిక్ వచ్చి దస్తఖత్ చెయ్యాలె." మాలిక్ చెయ్యరు, అదే కదా ఏడుపు. అందుచేత నేను మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఈసారి ఎవరు ఎక్కువ చెబుతారా అని! "యాభై నాలుగేళ్ళ మనిషి, దగ్గరకో అద్దం, దూరానికో అద్దం, పది రోజులుగా నేర్చుకుంటున్నారు, ఆయనే నడుపుతారు. ఎంత?" అని అడిగాను. ఒకాయన నూట పది అన్నాడు. మొహం తిప్పుకుందామా అనుకొని, "ఇంకొంచెం పెంచరాదూ" అన్నాను. టై కట్టుకున్న పెద్దమనిషి నూట ముప్ఫై అని, అదీ ఆయన్ను కళ్ళారా చూశాకే అన్నాడు. ఇంకొకాయన నవ్వి, చాయ్ తాగించి పంపేశాడు. పద్దెనిమిదేళ్ళుగా గీత పడనివ్వని డ్రైవరు నడిపితే ఎంతో కూడా అడిగి, రెండూ పక్కపక్కన కవరు లోపలి వైపున శుభ్రంగా రాసి సాబు బల్ల మీద పెట్టాను. నాంపల్లిలో నేను జవాబు చెప్పిన తీరు కూడా చెప్పేశాను.

సాబు ఆ కాగితం చూసి నల్లబడి, ఎర్రబడి, లేచి నిలబడ్డారు. "అంటే నా కన్న వాడు భరోసా మనిషన్నట్టు! హైకోర్టు వకీలును నేను! నడువ్. నాంపల్లి పోదాం. నేనే నడుపుత. ఆ పాన్‌డబ్బోడు కండ్లార చూడాలె!"

సాబు స్టీరింగు ముందు, పక్కన గేరన్న, వెనక నేనూ, నాకు తెలిసిన దేవుళ్ళందరూ. అబిడ్స్ చౌరస్తా దాకా బాగానే వచ్చాం. అక్కడ మధ్యలో ఉన్న దిమ్మెను చుట్టి స్టేషన్ రోడ్డులోకి తిరగాలి. తిరిగే చోటు వచ్చేసరికి ఎదురుగా బస్సు. సాబు దానికి దారిచ్చి ఇంకో చుట్టు తిరిగారు. రెండోసారి ఎద్దుబండి. మూడోసారి ఏమీ లేదు, అయినా అలవాటు కొద్దీ తిరిగారు. మధ్యలో నిలబడ్డ పోలీసు జవాను సాబును ఎరిగినవాడు. మేం వచ్చిన ప్రతిసారీ కాలు దగ్గరికి తీసి సలాం కొట్టాడు. మూడో సలాంలో కొంచెం జాలి కనిపించింది. "ఇప్పుడు, సాబ్. ఇటు. మెల్లగ" అని గేరన్న పిల్లవాడికి పలక పట్టించినట్టు చెబితే, ఎట్టకేలకు స్టేషన్ రోడ్డు దొరికింది. నాంపల్లి స్టేషను ముందు జట్కాల అడ్డా. గుర్రాల కోసం పచ్చగడ్డి కుప్ప పోసి ఉంది. సాబు బ్రేకు తొక్కారనే అనుకున్నారు. కారు ఆగకుండా వెళ్ళి, ఎవరికీ దెబ్బ తగలకుండా, మెత్తగా ఆ కుప్పలోకి దూరి నిద్రపోయింది. ఒక ముసలి గుర్రం వచ్చి, సాబును ఒకసారి చూసి, బానెట్టు మీది గడ్డి తినడం మొదలుపెట్టింది. జట్కావాడు, "ఏంది సాబ్, బండికి గడ్డి పెడ్తున్నరా?" అన్నాడు. తలెత్తితే మేడ మీద కిటికీలో తెల్ల షేర్వానీ. పాన్ నములుతున్న దవడ ఆగిపోయి ఉంది.

సాబు దిగి, భుజం మీది గడ్డిపరక దులుపుకొని, గౌను లేకపోయినా ఉన్నట్టే ఠీవిగా మెట్లెక్కారు. వెనక నేను.

"తష్రీఫ్ రఖియే వకీల్ సాబ్" అని పాన్‌డబ్బా సాబు కుర్చీ తుడిచి వేశాడు. "మీరే నడపాల్నంటె రేటు దొరుకుతది. కాని ముందు కింద గుర్రానికి బీమా చెయ్యాలె."

సాబు కుర్చీలో కూర్చున్నారు. కిటికీలోంచి కిందికి చూశారు. గేరన్న గుర్రానికి ఏదో చెప్పి పక్కకు జరిపి, కారును వెనక్కి తీస్తున్నాడు. చప్పుడే లేదు. అంత గడ్డిలోంచీ బండి నీళ్ళలో చేపలా బయటికి వచ్చింది. సాబు అది పూర్తయ్యేదాకా చూసి, అద్దాలు తీసి తుడుచుకొని, గొంతు సవరించుకున్నారు.

"డ్రైవర్‌ను కలిపితే ఎంత?"

"పదకొండు, హుజూర్."

"తొమ్మిది చెయ్."

"హుజూర్, కంపెనీ రేటు..."

సాబు మొహం తిప్పుకొని లేచి నడిచారు. అయిదో అడుగులో పిలుపొచ్చింది. తొమ్మిదిన్నరకు తెగింది. సంతకం పెట్టి ఆయన కిందికి వచ్చారు. ముందు తలుపు దగ్గరికి అలవాటుగా నాలుగడుగులు వేసి, ఆగి, వెనక తలుపు తీసుకొని కూర్చున్నారు. "పోనియ్" అన్నారు. అబిడ్స్ చౌరస్తా ఎప్పుడు దాటామో మాకు తెలియలేదు. అప్పటికి ఆయన నిద్రపోయారు.

నా నౌకరీ పోలేదు. నెలాఖరున కోర్టు ఆవరణలో తోటి వకీళ్ళకు ఆయన, "మా పోరడు షహర్ మొత్తంల చవక బీమా తెచ్చిండు" అని చెప్పుకోవడం విన్నాను. సగర్వంగా తల దించుకున్నాను. ఇప్పుడు ఎప్పుడైనా అబిడ్స్ వెళితే, ఆ గుంపులో చంకలో కాగితాలు పెట్టుకొని ఆనాటి నేనే, ఆ సన్నటి పిల్లవాడు, ఎదురైతే బాగుండుననిపిస్తుంది. మందలించను. పక్కన కూర్చోబెట్టుకొని ఒక చాయ్ తాగిస్తాను. కాని వాడు నన్ను అబిడ్స్ హోటల్లో తాగనివ్వడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర అర్ధణా తక్కువని ఆ ఎండలో నన్ను అంతదూరం నడిపించుకుపోతాడు. నేనూ, ఈ మోకాళ్ళతో, వాడి వెంటే పోతాను.