నీచు వాసన

కరోనాకు ముందు ఏడాది నన్ను రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి, కాలిన గాయాల వార్డు డైటీషియన్‌గా వేశారు. డైటీషియన్ అంటే వంటావిడ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. రోగి బరువును బట్టి, కాలిన మేరను బట్టి ఎంత ప్రోటీన్ కావాలో లెక్కగట్టి, అది కడుపులోకి వెళ్లేలా చూడటం మా పని. అది చాలకపోతే కొత్త చర్మం పట్టదు, గాయం చీము పడుతుంది.

కొవ్వూరులో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం నుంచి వరలక్ష్మి గారు వచ్చారు. కాగిన నూనె కాళ్ల మీద ఒలికింది. పాలు, పెరుగు, నెయ్యి తింటారు, గుడ్డు ముట్టరు. మందనుకుని మింగేయమని సర్జన్ గారు బతిమాలారు. "నా వల్ల కాదండి బాబూ" అని ఆవిడ దణ్ణం పెట్టేశారు. సరే, గుడ్డు లేకుండానే నెట్టుకొద్దామని పాలపొడి చిక్కగా కలిపిన పాలు, పెరుగు, ముద్దపప్పు రాశాను. ఇన్ఫెక్షన్ భయంతో ఆ వార్డులోకి ఇంటి భోజనం రానివ్వరు. పెరుగు, పప్పు ఎంత తిన్నా లెక్కకు చాలవు, ఆవిడకు ఆ పాలే దిక్కు.

గాయాలు మానలేదు సరికదా, రోజురోజుకీ నీరసించిపోయారు. పాలు తాగడం లేదని సిస్టర్ చెప్పింది. అడిగితే "ఆకలి లేదండి" అని నవ్వేవారు. ఒక రోజు పక్క మంచం మీది టీచరుగారు ఊరుకోలేకపోయారు. "ఆకలి లేకపోవడం ఏంటండీ? గ్లాసు ముక్కు దాకా తెచ్చి దింపేస్తున్నారు" అన్నారు.

గ్లాసు తీసి నేనే వాసన చూశాను. నీచు. గుడ్డు తగిలిన గిన్నెను పట్టుకుని వదలని ఆ కంపు. వంటగదికి వెళ్లి చూద్దును కదా, మిగతా రోగులకు పాలల్లో గుడ్డు కొట్టిన మిక్సీ జారునే నీళ్లతో తొలిచి, అందులోనే ఈవిడ పాలు తిప్పుతున్నారు. చిర్రెత్తుకొచ్చింది. "ఒక జారు వేరే పెట్టడానికి ఏం రోగమండీ మీకు?" అని అరిచాను.

తిరిగొచ్చి, చెప్పొచ్చు కదండీ అంటే ఆవిడ గొంతు తగ్గించారు. "టీచరుగారు ఆ గుడ్డు పాలే తాగుతున్నారు కదండీ. ఆవిడ పక్కనుండగా కంపంటే ఏం బాగుంటుంది? నేనైతే నోట పెట్టలేదు."

కొత్త జారు తెప్పించాను, పాలు తాగారు. కానీ అప్పటికే చీము రక్తంలోకి పాకింది. వారం తిరక్కుండానే పోయారు.

జారు సంగతి ఆవిడ భర్త చెవిన కూడా పడింది. వరండాలో నన్ను ఆపి ఒక్కటే అడిగారు. "ఆ గుడ్డు జారులో పాలు మా ఆవిడ ఒక్క గుక్కైనా తాగిందా అండీ?"

లేదన్నాను. "అమ్మయ్య" అని బల్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను.

మింగని ప్రోటీన్ లెక్కలోకి రాదు. గుడ్డు తినని మనిషికి డైట్ రాసేటప్పుడు గిన్నె కూడా రాయాలి. ఆ తర్వాత నా కింద చేరినవాళ్లందరికీ నేను మొదట నేర్పింది ఇదే.