నీలం రంగు, ఎనభై మూడు

రెండేళ్ల కిందటి వానాకాలం. పంజగుట్టలో ఒక చిన్న క్లినిక్‌లో నేను నర్సుని. ఓ మధ్యాహ్నం ఒళ్లంతా నీలం పూసుకున్న మనిషి ఆటో దిగి లోపలికి వచ్చాడు. పేరు శ్రీశైలం, కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్ట్. పౌరాణిక సీరియల్‌లో చిన్న దేవుడి వేషమట. షూటింగ్ మధ్యలో ఆయాసం వస్తే పంపించారు. "దేవుడికి జబ్బేంటండీ!" అని నవ్వాను కూడా.

వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించాను. అది వేలిలోంచి వెలుగు పంపి, రక్తం అందులో ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం చెబుతుంది. వేలికి రంగుంటే లెక్క తప్పవచ్చు. తొంభై అయిదుకు పైన ఉండాల్సింది ఎనభై మూడు చూపించింది.

"రంగు వల్లే. ఒక్క వేలు తుడుస్తాను," అన్నాను.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దు మేడమ్. గీ మేకప్‌కు మూడు గంటలు పట్టింది. పన్నెండేండ్లకు రెండు డైలాగులు దొరికినయ్. జర గోలీ ఇయ్యండి, పోత."

సరేలే అనుకున్నాను. ఈ మెషిన్ల సంగతి నాకు తెలియనిదా అని గర్వం. చార్టులో 'రంగు వల్ల తప్పు రీడింగ్' అని రాసేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డాక్టరుగారు వచ్చేలోపు కాలక్షేపానికి, "ఏంటా డైలాగులు? చెప్పండి చూద్దాం," అన్నాను. హుషారుగా మొదలుపెట్టాడు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. రెండో డైలాగు పూర్తే కాలేదు. 

ఇక అడగలేదు, స్పిరిట్ దూదితో వేలు తుడిచేశాను.

"అయ్యో, ఖరాబ్ చేస్తిరి గద మేడమ్!" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో.

మళ్లీ ఎనభై మూడే. పెదవి లోపలివైపు తిప్పి చూశాను. అక్కడ మేకప్ లేదు. అయినా నీలంగానే ఉంది.

వెంటనే ఆక్సిజన్ పెట్టి, డాక్టరుగారికి చెప్పి పెద్దాసుపత్రికి పంపించాం. న్యుమోనియా. ఆ గోలీ వేసుకుని షూటింగ్‌కు వెళ్లిపోయి ఉంటే దక్కేవాడు కాదన్నారు.

ఇప్పుడు చేతి వాచీ కూడా వెలుగుతోనే ఆక్సిజన్ చెబుతోంది. కొత్తగా చేరిన నర్సులు "రీడింగ్ తప్పేమో అక్కా" అంటే నాకు చిరాకొస్తుంది. ముందు పేషెంటుతో మాట్లాడి రమ్మంటాను.

అప్పట్లో, ఆ రోజుకు నెల తర్వాత ఒక చామనఛాయ మనిషి కౌంటర్ దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "ఎవరు కావాలండీ?" అన్నాను.

"నేనే మేడమ్, శ్రీశైలం. వేషం వేరేటోనికి ఇచ్చిండ్రు. ఫికర్ లేదు, పానమైతే ఉన్నది. నన్ను గుర్తువట్టలేదా?"

పట్టలేదు. ఆ రోజు అంతసేపు ఎదురుగా కూర్చున్నా, నేను ఆయన ముఖం చూడనేలేదు.