క్లినిక్ నుంచి వెళ్లిన ఆ ఫోన్

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మితే నా ఉద్యోగం సాగదు. ప్రొద్దుటూరులో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో పదకొండేళ్లుగా కౌన్సెలర్‌ని. గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకుని, దర్గాలన్నీ తిరిగి, చివరికి మా దగ్గరికి వచ్చేవాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, పేర్లు మాత్రం రాయను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది పులివెందుల దగ్గర పల్లె. నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాయనను చంపారు. పార్టీ గొడవలు. పొద్దున కరెంటు వచ్చిందని చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, మోటారు వేయడానికి వెళ్లాడు. మోటారు కొట్టంలోనే నరికారు. మోటారు అలా ఆడుతూనే ఉందని, తొట్టి నిండి నీళ్లు దారిమీదికి వచ్చాకే ఎవరో వెళ్లి చూశారని అమ్మ చెప్పేది.

ఆ తర్వాత అమ్మ నన్ను తీసుకుని జమ్మలమడుగులో మా మేనమామ ఇంటికి చేరింది. ఊరు అడక్కుండా ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా తాగొద్దని నాకు నూరిపోసింది. ఆ అలవాటు క్లినిక్ దాకా వచ్చింది. మనిషి వచ్చి కూర్చోగానే ఏం బాధ అని అడగాలి. నేను ఏ ఊరు అని అడిగేదాన్ని. అవతలి పార్టీ ఊళ్ల పేరు వినబడిందా, పది నిమిషాల్లో మాట ముగించి మాత్రల కోసం డాక్టరు గారి గదికి పంపేసేదాన్ని. మిగతావాళ్లకు ముప్పావు గంట. ఎవరూ కనిపెట్టలేదు. తప్పని నాకు తెలుసు, అది తప్పని చెప్పే చదువే చదివాను. అయినా మానుకోలేదు.

ఆ రోజు వచ్చిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. గొర్రెలు మేపుకునే కుటుంబం. చాపాడులో కూతురింట్లో ఉంటున్నాడు. తిండి లేదు, నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడడని కూతురు చెప్పింది. సొంత ఊరేదని అడిగాను. చెప్పాడు. మా నాయనను చంపినవాళ్లు వచ్చింది ఆ ఊరి నుంచే.

కూతుర్ని బయట కూర్చోమన్నాక ఆయన తల వంచుకుని అన్నాడు. "వయసులో ఉన్నప్పుడు పార్టీవాళ్లెంట తిరిగినానమ్మా. ఒగ పాపం జరిగిపాయ. యెవురికీ చెప్పలేదు. నీకు చెప్దామని వచ్చినా."

నేను పెన్నుకు మూత పెట్టేశాను. వచ్చే వారం మాట్లాడదాం అన్నాను. అలాంటి మనిషిని చచ్చిపోవాలనిపిస్తోందా అని తప్పకుండా అడగాలి. మా కాగితంలో దానికో గడి ఉంటుంది. అడక్కుండానే అందులో 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం డాక్టరు గారు కడపకు వెళ్లారు. రిసెప్షన్ అమ్మాయి అన్నానికి ఇంటికి పోయింది. షట్టరు సగం దించి, ఒంటిగంట దాటాక నేనొక్కదాన్నే నా గదిలో క్యారియరు విప్పుకుని తింటున్నాను. క్లినిక్ సెల్‌ఫోన్ నా ఎదురుగా బల్లమీదే ఉంది. పేషెంట్ల ఫోన్ నంబర్లు రాసుండే ఫైలు బీరువాలో ఉంది.

మూడు గంటలకు ఆ పెద్దాయన కూతురు ఫోన్ చేసింది. తండ్రి పురుగుల మందు తాగాడని, సమయానికి ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చారని, ప్రాణానికి భయం లేదన్నారని చెప్పింది. మీ క్లినిక్ నుంచి ఫోన్ రాకపోయుంటే దక్కేవాడు కాదంది.

పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్లాను. ఎవరు చేశారని అడిగితే తన సెల్ చూపించింది. ఒంటిగంట ఇరవైకి మా నంబరు నుంచే వచ్చింది. మగ గొంతు అంది.

"'పాపా, మీ నాయన మోటారు కొట్టంలో ఉండాడు, బిన్నా పో, పరిగెత్తు' అన్న్యాడు మేడం. ఎనకాల మోటారు ఆడతాండె, నీళ్లు పడతాండె. ఆయప్ప యాడుండాడు? కాళ్లకు మొక్కాల."

ఆ ఫోన్ చేసినాయన ఇప్పుడు క్లినిక్‌లో లేడని చెప్పి తప్పించుకున్నాను.

ఆమె పరుగెత్తి వెళ్లేసరికి తండ్రి తమ పొలంలోని మోటారు కొట్టంలో పడిపోయి ఉన్నాడు. ఆ పూట చాపాడులో పొద్దుటి నుంచి కరెంటే లేదు, మోటారు ఆడే ప్రశ్నే లేదు. మా క్లినిక్‌కు మునిసిపల్ కొళాయి తప్ప మోటారు లేదు. తిరిగొచ్చి చూస్తే మా సెల్‌లో ఆ కాల్ ఉంది. బీరువా తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా సంచిలో ఉంది.

డాక్టరు గారికి అంతా చెప్పేశాను, ఊరు అడిగే నా అలవాటుతో సహా. ఆయన కేకలేయలేదు. మనసు అలా చేయిస్తుందని, తెలియకుండా నువ్వే ఫోన్ చేసి ఉంటావని, కంగారులో ఆమెకు మగ గొంతులా వినిపించి ఉంటుందని అన్నారు. ఇలాంటి మాటలు నేనే ఎంతోమందికి చెప్పాను. ఇకమీదట ఆ పెద్దాయనను తానే చూస్తానన్నారు.

కానీ మూడో రోజు ఆ పెద్దాయన నన్నే పిలిపించాడు. మంచం పక్కన కూర్చుని ఈసారి చివరిదాకా విన్నాను. ఆ పొద్దు పులివెందుల దగ్గర చీనీతోటలో తాను కొట్టం బయట కాపలా ఉన్నాడట. లోపలికి వెళ్లినవాళ్లు పని ముగించి వచ్చేశారట.

"ఇంగా పానముండె. నీళ్లడిగినాడమ్మా. పక్కనే తొట్లో పడతాండె నీళ్లు. నేను పోలా."

నేను ఎవరి కూతుర్నో ఆయనకు చెప్పలేదు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఆయనమీద కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు.

డాక్టరు గారి మాటే నమ్ముదామని చాలా ప్రయత్నించాను. నేనే చేశాననుకుందాం. ఆయన కొట్టంలోకి వెళ్లాడని నాకెలా తెలుస్తుంది? ఆ వేళకు నా చెయ్యి అన్నంలోనే ఉంది, ఫోన్‌కు మెతుకు అంటలేదు. ఆ గడిలో 'లేదు' అని ఎందుకు రాశానో నాకు బాగా తెలుసు. తెలియనిది ఆ ఫోన్ సంగతే. అది మా నాయన గొంతే అయితే, తనకు గుక్కెడు నీళ్లివ్వని మనిషిని ఎందుకు బతికించాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.