ఎల్లవ్వ దాచిన తడి గుడ్డలు

1946 ఎండాకాలంలో నన్ను సిద్దిపేటలోని ఒక చిన్న దవాఖానకు హెడ్ నర్సుగా వేశారు. హెడ్ అన్న మాటే గాని నా కింద ఉన్నది ఒక్క ఆయా. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో వార్డులో మాట నాదే. నా నోరు కూడా అప్పట్లో తక్కువది కాదు.

మిరుదొడ్డి వడ్రంగి బాలయ్యకు పట్నంలో వెన్నెముకలో గడ్డ తీసి, గాయం మానేదాకా ఉండమని మా దగ్గరికి పంపారు. పడుకుంటే మనిషి ముచ్చట్లే ముచ్చట్లు. లేపి కూర్చోబెడితే తల పట్టుకుని కేకలు, వాంతులు. పడుకోబెడితే కాసేపటికి మళ్ళీ మామూలే. దొంగ ఏడుపని తేల్చేశాను. ఒకవేళ నిజమే అయినా తలనొప్పికి తల ఎత్తులో ఉండాలని నేర్చుకున్నదాన్ని కనుక, మంచం తలాపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. ఆయన భార్య ఎల్లవ్వను మాత్రం మెచ్చుకున్నాను. ఏ పొద్దున చూసినా పక్క పొడిగా ఉండేది మరి.

నాలుగో నాడు బాలయ్య నన్ను చూసి, “ఒక్క నర్సమ్మకే భయమైతుండె, ఇయ్యాల ఇద్దరొచ్చిన్రు,” అన్నాడు. వేళాకోళమనుకుని కసిరాను. ఎల్లవ్వ నవ్వలేదు. నన్ను వరండాలోకి పిలిచి ఒక మూట విప్పింది. అన్నీ తడి గుడ్డలు.

“పక్క తడుపుకుంటుండని ఇజ్జత్‌కు దాస్తున్న నర్సమ్మా. మీరు రాకముందే మారుస్తున్న. గని వాసన లేదు, మరక లేదు. నడుము మీది గాయం కాడికెళ్లే వస్తున్నయ్ నీళ్లు. పానానికేమన్న ఐతదా?”

ఒక గుడ్డ తీసి వాసన చూశాను, ఎల్లవ్వ చెప్పింది నిజమే. మెదడు, వెన్నుపాము ఒకే నీటిలో ఉంటాయి. ఆపరేషన్ చోట దాని చుట్టూ ఉన్న పొరకు చిల్లు పడి ఆ నీరు కారిపోతే, లేచి కూర్చున్నప్పుడు మెదడు కిందికి కుంగుతుంది. కంటిని తిప్పే నరం సాగి ఒకటి రెండుగా కనిపిస్తుంది. ముదిరితే పుర్రెలో నెత్తురు చేరి ప్రాణమే పోవచ్చు. చాలా అరుదు. చదివాను గాని అంతకుముందు చూడలేదు.

ఆయాకు పురమాయించకుండా ఆ ఇటుకలు నేనే లాగి కాళ్ళవైపు కోళ్ళ కింద పెట్టాను. గాయం మీద గట్టిగా కట్టు కట్టి డాక్టరుగారికి మనిషిని పంపాను. ఆయన ఆ సాయంత్రమే వచ్చి కుట్లు బిగించారు, తల ఎత్తనివ్వొద్దన్నారు.  

తప్పు నాదేనని బాలయ్యతో చెప్పాను. “గిప్పుడన్న నమ్మినవ్ తల్లీ, గంతే సాలు,” అన్నాడు.

ప్రాణం దక్కింది, తలనొప్పీ పోయింది. ఎడమకన్ను మాత్రం పూర్తిగా కుదుటపడలేదు, రెండు కళ్ళూ తెరిస్తే ఒకటి రెండుగానే కనిపించేది. మరుసటి ఏడు నేను మిరుదొడ్డి వెళ్ళినప్పుడు ఆ కన్ను మూసి నాగలికర్ర వంపు చూసుకుంటున్నాడు. వడ్రంగులంతా అలాగే చూస్తారు కాబట్టి ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకు మూస్తున్నాడో నాకు తెలుసు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొడి పక్కను ఎవరి దగ్గరా మెచ్చుకోలేదు. రోగి వెంట వచ్చినవాళ్ళకు మొదటి రోజే చెప్పేదాన్ని, తడిసిన గుడ్డ ఏదైనా ఉతకకముందు నాకు చూపించాలని.