జీవాలు పోయిన పేజీ

1949వ సంవత్సరం. సూర్యాపేటలో మా ప్రెస్సు ఒక పెంకుటింటి ముందుగదిలో ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ ఒకటి, సీసపు అక్షరాలు నింపిన గళ్ల పెట్టెలు కొన్ని, వాటి ముందు నిలబడే కంపోజిటర్ని నేనొక్కణ్ణి. కంపోజింగ్ అంటే ఒక్కో అక్షరం ఏరి, తలకిందులుగా పేర్చి, వాక్యం కట్టడం. పెళ్లి శుభలేఖలు, సంత కరపత్రాలు తప్ప పుస్తకమనేది మా గడప తొక్కడం అరుదు. అందుకే ఊళ్లోని చరిత్ర సంఘం వాళ్లు పుస్తకం పని తెచ్చినప్పుడు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

సంఘమంటే పట్టుమని పదిమంది లేరు. కార్యదర్శి ఒక వకీలు గారు. ఆదివారాలు సైకిళ్ల మీద మిర్యాలగూడ వైపు ఊళ్లు తిరిగేవారు. శాసనం కనబడితే కాగితం మీదికి అద్దుకునేవారు, లేకపోతే ముసలివాళ్లను కూర్చోబెట్టి మీ ఊరు ఎట్లా పుట్టిందని అడిగేవారు. వాళ్లు చెప్పినదాన్ని సత్యం అనే అతను పుస్తక భాషలోకి మార్చి సాపు రాసేవాడు. కోదాడ అతనిది, చదువంతా బందరులో మేనమామ ఇంట్లో సాగింది. చేతిరాత కళ్లకద్దుకోవాలనిపించేది. గిలుకుడు రాతలతో కళ్లు పోగొట్టుకునే నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి!

ఊళ్ల పుట్టుక మీద ఆ పుస్తకం అచ్చయింది. అన్నీ కుట్టేదాకా ఆగలేక వకీలు గారు రెండు మూడు ప్రతులు ముందుగా కుట్టించి ఊళ్లకు పంపారు. మాడుగులపల్లిలో బడిపంతులు దాన్ని పదిమందిలో చదివి వినిపించాడట.

ఆ వారంలోనే ఒక పెద్దాయన గొంగడి భుజాన వేసుకుని ప్రెస్సుకు వచ్చాడు. పేరు బీరయ్య. మాడుగులపల్లి పక్క గూడెంలో గొర్రెలు కాస్తాడు. ఆ గూడెం కట్టిన మనిషి ఆయన తాత, ఆ కథ సంఘానికి చెప్పిందీ ఆయనే. వకీలు గారు, సత్యం అప్పుడు అక్కడే ఉన్నారు. కూర్చోమన్నా బీరయ్య కూర్చోలేదు.

"అయ్యా, మా తాత ఎవల్ని సంపిండు?" అన్నాడు.

సత్యం వాళ్ల గూడెం కథ ఉన్న పేజీ తీసి చదివాడు. "గూడెం కట్టిన ఏడు ఆయన చేతుల్లో అనేక ప్రాణాలు పోయాయి. అయినా ఆయన ఊరు విడిచిపోలేదు."

"పెద్దయ్యా, నువ్వేం చెప్పినవ్?" అని అడిగాను.

"గుడిసెలేసిన యేడు రోగమొచ్చి ఆయన చేతులల్లనే శానా జీవాలు పాయె, అయినా ఊరిడిసి పోలే అన్న. గంతే."

జీవాలంటే మా వైపు గొర్రెలు, మేకలు. పాపం, బందరులో చదివిన సత్యం జీవమంటే ప్రాణమే కదా అనుకున్నాడు. రోగమన్న మాట సాపు రాసేటప్పుడు ఎక్కడో జారిపోయింది. నాకు నవ్వు రాబోయి ఆగింది. యూనియన్ సైన్యం వచ్చి నిజాం పాలన పోయి ఏడాదైనా, చంపుకోవడాలు ఆగక ఊళ్లింకా కుదుటపడని రోజులవి. ఎవరి చేతిలో ఎవరు పోయారన్నది వేళాకోళానికి అనే మాట కాదు.

"సంపినోని గూడెం అంటుండ్రయ్యా. నా మనుమలు బాయికాడికి పోతే గదే మాట," అన్నాడు బీరయ్య.

వకీలు గారు నొచ్చుకున్నారు. "పుస్తకం చివర తప్పొప్పుల చీటీ అతికిద్దాం," అన్నారు. ఆయన్నీ తప్పుపట్టలేం. ఒక షీటు మీద కలిపి అచ్చయ్యే ఎనిమిది పేజీలను ఫారం అంటారు. ఒక్క మాట మార్చాలన్నా ఫారమంతా మళ్లీ వేయాలి. నేనేమో పేర్చిన అక్షరాలన్నీ విప్పి పెట్టెల్లో వేసేశాను. ఇక కాగితం దొరకడం గగనం.

బీరయ్య తల అడ్డంగా ఊపాడు. "ఎనక చీటీ ఉంటే ముందు సదివేటోనికి ఎట్ల తెలుస్తది? మా తాత బతికుంటే తనే వచ్చి, నేను సంపలేదని చెప్పుకునేటోడు. సచ్చినోడు చెప్పుకోలేడు గదయ్యా."

వకీలు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఫారం మళ్లీ కంపోజ్ చెయ్యి," అన్నారు. అంత చిన్న వాదనతో వకీలు మీద గెలిచినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

సత్యం ముఖం చిన్నబుచ్చుకుని, "గొర్రెలు అని వేద్దాం, అందరికీ అర్థమవుతుంది," అన్నాడు. పెద్దాయన దానికీ ఒప్పుకోలేదు.

"మేకలేం పాపం జేసినయ్? అవి గూడ సచ్చినయ్ గద!"

అప్పుడు అందరం నవ్వాం, ఆయన కూడా. చివరికి జారిపోయిన రోగమన్న మాట చేర్చి, ప్రాణాల బదులు ఆయన చెప్పిన జీవాలు అన్న మాటే వేసి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాని అర్థం ఇచ్చాం. నేను ఆ ఒక్క పేజీ పేర్చడం ముగించేదాకా బీరయ్య కదల్లేదు. ప్రూఫ్, అంటే తప్పులు చూసుకునేందుకు తీసే నమూనా కాగితం, సత్యమే చదివి వినిపించాడు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నాడు.

"ఆ... గీయన మా తాత," అన్నాడు.



ఆ తర్వాత సంఘం వేసిన ప్రతి పుస్తకానికీ ప్రూఫ్ ముందు ఊరికి వెళ్లేది. చెప్పినవాళ్ల చెవిన పడ్డాకే మిషన్ ఎక్కేది. పని ఆలస్యమవుతోందని నేను విసుక్కోని రోజు లేదు, అది వేరే సంగతి. అయినా ఆ పద్ధతి తప్పనివ్వలేదు. చరిత్ర పుస్తకంలో ఉండేవాళ్లు ప్రూఫ్ చూసుకోవడానికి రాలేరు. వాళ్ల తరఫున విని, అవును ఇది మావాళ్లే అనే మనిషి దొరికేదాకా ఆ పేజీ పూర్తయినట్టు కాదు.