మద్దిచెట్టు సాక్ష్యం

ఆ రోజుల్లో నేనేం చెప్పినా నందిగామలో సగానికి సగం తగ్గించుకుని వినేవాళ్లు. మున్నేట్లో మూరెడు చేప పట్టానంటే జానెడనుకునేవాళ్లు (అసలు చేపే ఉండేది కాదు, అది వేరే సంగతి). మా మేనమామ మాటకు మాత్రం తిరుగులేదు. ఆయన సంఘపెద్ద. ఆదివారం చర్చిలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పారంటే ముసలమ్మలు కొంగులతో కళ్లొత్తుకునేవాళ్లు.

నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన వేసవిలో ఇద్దరం పెళ్లిచూపులకు బయల్దేరాం. పిల్ల మా అత్తయ్యకు దూరపు చుట్టం. ఆ పిల్ల ఫొటో అప్పటికే నా జేబులో నలిగిపోయింది. జగ్గయ్యపేటలో బస్సు దిగి అడవి దారిన నడుస్తుంటే, ఆకాశం ఎర్రబడి గాలి లేచింది. మామయ్య ఒక పుచ్చిన మద్దిచెట్టును వాటేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. గాలి లేస్తే చెట్టు చాటు వెతక్కూడదని, చెట్లు లేని చోట చూసుకుని కూర్చోవాలని, కట్టెలకు అడవికెళ్లే మా నాయనమ్మ చిన్నప్పుడే చెప్పింది. పక్కనే దున్ని వదిలేసిన చెలక ఉంది, అందులోకి రమ్మన్నాను. "ఇస్త్రీ బట్టల్రా, దుమ్ము కొట్టుకుపోతాయి" అన్నారు కళ్లు తెరవకుండానే. పంచె పట్టుకుని లాగాను. ముందు పంచె వచ్చింది, తర్వాత ఆయన వచ్చారు. చెలక మధ్యలో బోర్లా పడ్డామో లేదో, వెనక మద్దిచెట్టు కూలింది.

పిల్ల వాళ్లింట్లో మంచినీళ్లు తాగగానే మామయ్య సాక్ష్యం అందుకున్నారు. "మావాడు చెట్టు పట్టుకుని ఒకటే ఏడుపండి. వదలడే. దేవుడు నా చేతికి బలమిచ్చాడు, లాక్కొచ్చా." (పంచె ఊసే లేదు.) తలుపు చాటున కిసుక్కున నవ్వు. నేను అసలు జరిగింది చెబితే, పిల్ల తండ్రి మామయ్య వైపు తిరిగి, "మీవాడు కథలు బాగా అల్లుతాడని విన్నామండి" అన్నాడు. గాలికే బెదిరేవాడు కాపురమేం చేస్తాడని వారం తిరక్కుండా కబురొచ్చింది.

నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అలా నేల పాలైంది. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ మామయ్య సాక్ష్యంలో ఆ చెట్టు కూలుతూనే ఉంది, నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆ పంచె వదిలేసి ఉండాల్సిందని అనుకున్న క్రిస్మస్‌లూ ఉన్నాయి.

ఏళ్లు గడిచి మామయ్య పోయాక, జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. అత్తయ్య తలెత్తి నావంకే చూస్తోంది. చెట్టును పట్టుకుంది నేనేనన్నాను, ఏడ్చానన్నాను, అలవాటు చొప్పున ఒక చెట్టుకు రెండు కూల్చాను. నా మాటను జనం తగ్గించుకోకుండా వినడం అదే మొదటిసారి.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే, ఆనాటి ఫొటోలో పిల్ల, జుట్టు సగం నెరిసి, పక్కకొచ్చింది. "ఇన్నాళ్లకు నిజం ఒప్పుకున్నారు, సంతోషమండి" అని కిసుక్కున నవ్వింది. తలుపు చాటున విన్న నవ్వే అది.

"అవునండి, అప్పట్లో గాలంటే నాకు మహా భయం" అన్నాను, నేనూ నవ్వుతూనే.